వాట్సాప్ సందేశాన్ని చరిత్ర ఆధారంలా చదివించడం: తొమ్మిది, పది తరగతుల ఉపాధ్యాయుల చర్చ

పెన్నాతీరం (స్కూల్ అసిస్టెంట్, సాంఘికశాస్త్రం, అనంతపురం జిల్లా)

సాంఘికశాస్త్రం బోధించే మిత్రులందరికీ నమస్కారం. వార్తలను, ఫోనులో వచ్చే సందేశాలను పరిశీలించి చదవడం పిల్లలకు నేర్పాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. అయితే దానికోసం ప్రత్యేకంగా ఒక పుస్తకం, ఒక పీరియడ్, ఏడాదికొకసారి ఒక అవగాహన సదస్సు కావాలన్న ఆలోచన నాకు సమ్మతం కాదు. ఆ పనికి చరిత్ర, రాజనీతి పాఠాలే సరైన చోటు. ఒక శాసనాన్ని చూపించి దీన్ని ఎవరు వేయించారు, ఎప్పుడు వేయించారు, ఎవరు చదవాలని వేయించారు, ఇందులో ఏ సంగతి చెప్పకుండా వదిలేశారు అని అడగడం మనకు కొత్త కాదు. ఆ నాలుగు ప్రశ్నలను రాతి మీది అక్షరాల దగ్గరే ఆపకుండా, ఈ ఉదయం వచ్చిన సందేశం దాకా తీసుకురావడమే మిగిలింది.

నా రెండో మాట కొంచెం ఇబ్బందికరమైనది. ఈ అభ్యాసాన్ని ఎక్కడో అమెరికా ఎన్నికల గురించిన అబద్ధంతో కాక, మన సీమ గురించి మనమే ఇష్టంగా పంచుకునే సందేశాలతో మొదలుపెట్టాలి. పరాయివాడి అబద్ధాన్ని పట్టుకోవడంలో పిల్లలకు శ్రమ లేదు, మనకూ లేదు.

ఒక ఉదాహరణ. ఏటా నవంబరు 1న పొట్టి శ్రీరాములు గారి చిత్రంతో, ఆంధ్రప్రదేశ్ అవతరణ కోసం ప్రాణమిచ్చిన మహనీయుడన్న వాక్యంతో సందేశాలు వస్తాయి. ఆయన 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆ త్యాగం ఫలితంగా 1953 అక్టోబరు 1న ఏర్పడినది ఆంధ్ర రాష్ట్రం. హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది 1956 నవంబరు 1న, అంటే దీక్ష ముగిసిన నాలుగేళ్లకు. ఈ సందేశంలో ఎవరినీ మోసగించాలన్న ఉద్దేశం లేదు, ఉన్నదంతా గౌరవమే. అయినా రెండు వేర్వేరు సంఘటనలు ఒకే చిత్రంలో కలిసిపోయాయి. ఇలాంటి సందేశమే తరగతికి మంచి పాఠమవుతుంది, ఎందుకంటే ఇక్కడ అబద్ధం చెప్పినవాడు దుర్మార్గుడు కాడు.

మీ తరగతుల్లో ఏం చేస్తున్నారో వివరంగా రాయండి.

కొండారెడ్డి బురుజు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కర్నూలు)

మీరు చెప్పిన దానికి కర్నూలు వైపు నుంచి ఒక తోక ఉంది. ఆంధ్రప్రదేశ్ మొదటి రాజధాని కర్నూలు అని మా ఊళ్లో చదువుకున్నవారు కూడా సభల్లో చెబుతుంటారు. కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆంధ్రప్రదేశ్‌కు మొదటి రాజధాని హైదరాబాదే. ఈ సవరణ చెప్పినప్పుడు పిల్లలు ఒప్పుకుంటారు గానీ పెద్దల ముఖాలు చిన్నబోతాయి. నిజానికి సవరించిన చరిత్రలో మా ఊరి గౌరవం ఏమీ తగ్గదు, పైగా పెరుగుతుంది. రాజధాని ఇక్కడికి రావడానికి, హైకోర్టు గుంటూరుకు వెళ్లడానికి మూలం 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో ఉంది. తీర ప్రాంతానికి, సీమకు మధ్య పెద్దమనుషుల మాటగా కుదిరిన ఆ ఒప్పందాన్ని చదివితే, రాజధాని ఎవరో దయతో ఇచ్చినది కాదని, ముందే మాట్లాడుకున్న వాటా అని పిల్లలకు అర్థమవుతుంది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒడంబడికను కూడా ఆధారంగానే చదివించేవాణ్ణి. సంతకాలు చేసినవారు ఎవరు, వారిని ఎవరు ఎన్నుకున్నారు, నీళ్ల గురించి ఏ నదుల పేర్లు రాశారు, ఏ మాట నెరవేరింది, ఏది నెరవేరలేదు అని అడిగితే తరగతి రెండు వర్గాలుగా చీలి వాదించుకునేది. పెద్దమనుషులు చేసుకున్న ఒప్పందానికి చట్టబద్ధత ఉంటుందా అని ఎవరో ఒకరు అడగక మానరు. ఆ ప్రశ్నతో చరిత్ర పీరియడ్ రాజనీతి పీరియడ్‌గా మారిపోయేది.

అయితే ఒక హెచ్చరిక. దీన్ని ‘అబద్ధాల వేట’గా మార్చకండి. తప్పు దొరికితేనే పాఠం అయినట్టు పిల్లలు భావిస్తే, ప్రతి మాటలోనూ తప్పే వెదుకుతారు.

పదోతరగతి అమ్మ (ఆదోని)

ఉపాధ్యాయుల చర్చలో తల్లిగా జోక్యం చేసుకుంటున్నందుకు మన్నించండి. నాకు రెండు సందేహాలున్నాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో దీనికి మార్కులు ఎక్కడున్నాయి? స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు అంటూ ఇప్పటికే పిల్లలు రాత్రి దాకా చదువుతున్నారు. రెండోది, వార్తలు అంటేనే మన రాష్ట్రంలో పార్టీలు. ఏ పత్రిక ఏ పార్టీ వైపు రాస్తుందో మా వీధిలో కూరగాయలమ్మేవారికి కూడా తెలుసు. తరగతిలో రెండు పత్రికలు పక్కపక్కన పెడితే, సార్ ఫలానా పార్టీ మనిషి అన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అప్పుడు ఉపాధ్యాయుని వెనుక ఎవరు నిలబడతారు?

తుంగభద్ర ఒడ్డు (ఉపాధ్యాయిని, ఉన్నత పాఠశాల, కర్నూలు జిల్లా)

అమ్మగారి రెండో సందేహం నాకూ ఉండేది. అందుకే నేను ఇప్పటి రాజకీయాలకు వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లి ఒక ఫొటోతో మొదలుపెడతాను.

ఎముకలగూడులా మిగిలిన మనుషులు నేల మీద వరసగా కూర్చుని ఉన్న నలుపు తెలుపు చిత్రాలు మీరందరూ చూసే ఉంటారు. సామాజిక మాధ్యమాల్లో అవి తరచూ 1943 నాటి బెంగాల్ కరవు చిత్రాలుగా తిరుగుతుంటాయి. వాటిలో బాగా ప్రచారంలో ఉన్నవి 1876-78 నాటి మహాకరవు కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి తీసినవి. ఆ కరవు దెబ్బ తిన్న జిల్లాలలో కర్నూలు, కడప, బళ్ళారి ముందు వరుసలో ఉన్నాయి. అనంతపురం అప్పటికి వేరే జిల్లా కాదు. 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. అంటే మన ముత్తాతల కాలపు ఆకలి, పేరు మారి మరొకరి కరవుగా మన ఫోనుకే తిరిగి వస్తున్నది.

మొదట వివరం ఏమీ చెప్పకుండా ఫొటో ఒక్కటే ఇస్తాను. కనిపించేది మాత్రమే రాయమంటాను, అనుకునేది రాయవద్దంటాను. ఈ తేడా తెలియడానికే ఒక పీరియడ్ పడుతుంది. ‘వీళ్లు ఆకలితో ఉన్నారు’ అన్నది కనిపించేదా, అనుకునేదా అని పిల్లలు తగువులాడుకుంటారు. తర్వాత, ఇంత బలహీనంగా ఉన్నవారు ఇంత క్రమంగా వరుసలో ఎలా కూర్చున్నారు అని అడుగుతాను. అక్కడ నిశ్శబ్దం వస్తుంది. ఆ కాలపు కెమెరా ముందు కదలకుండా ఉండాలి కాబట్టి ఎవరో వారిని అలా కూర్చోబెట్టారని నెమ్మదిగా వారికే తడుతుంది. ఆకలితో చస్తున్నవారిని అలా కూర్చోబెట్టి ఫొటో తీసినందుకు హూపర్ విమర్శలు ఎదుర్కొన్నాడు. కరవు నిజం, మనుషులు నిజం, కానీ కూర్చోబెట్టిన తీరు ఫొటో తీసినవాడిది. ఫొటో నిజమా, అబద్ధమా అన్న ప్రశ్న ఎంత చిన్నదో దీనితో తెలిసివస్తుంది.

ఇక్కడినుంచి పదో తరగతి ముద్రణ సంస్కృతి పాఠానికి దారి దగ్గరే. ఆ కరవు కాలంలో వైస్రాయ్‌గా ఉన్న లిట్టనే 1878లో పత్రికలకు పగ్గాలు వేసే దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు. పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా ఉన్న ఆ చట్టం, ఫొటో చూసిన తర్వాత పిల్లలకు వేరుగా వినిపిస్తుంది.

సౌకర్యాల సంగతి కూడా చెప్పాలి. 2023 ఆగస్టులో పాఠశాలల్లో సెల్‌ఫోన్ వాడకంపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, కాబట్టి పిల్లల చేతిలో ఫోను పెట్టి చేయించే పాఠం మనకు కుదరదు. ఐఎఫ్‌పీ ప్యానెల్ (తరగతిలోని పెద్ద డిజిటల్ తెర) ఉన్నచోట ఫొటో దాని మీద చూపవచ్చు. లేనిచోట జిరాక్సు చాలు. నిజానికి కాగితమే మేలు, పిల్లలు దాని మీద గీతలు గీసి వాదిస్తారు.

డెస్కులో ఒకడు (పత్రికా ఉపసంపాదకుడు, కర్నూలు)

నేను ఉపాధ్యాయుణ్ణి కాను, జిల్లా పేజీలు దిద్దే ఉద్యోగిని. మీ చర్చలో ఒక లోటు కనిపిస్తున్నది. వార్తను ఎలా అనుమానించాలో చెబుతున్నారు గానీ, వార్త ఎలా తయారవుతుందో ఎవరూ చెప్పడం లేదు.

మండలంలో ఉండే విలేకరికి చాలా సందర్భాల్లో జీతం ఉండదు. అచ్చయిన వార్తను బట్టి వచ్చే చిన్న మొత్తం, ప్రకటనలు తెస్తే వచ్చే కమీషను అతని ఆదాయం. తహసీల్దారు కార్యాలయం గురించి వార్త రాయవలసిన మనిషే, స్థానిక నాయకుని పుట్టినరోజు ప్రకటన కూడా అడగాలి. ఈ ఒక్క విషయం పిల్లలకు తెలిస్తే, జిల్లా పేజీలో ఏ వార్త ఎందుకు పెద్దదయిందో, ఏది రెండు వాక్యాలలో ముగిసిందో వాళ్లే ఊహించగలరు. అతను పంపినది డెస్కుకు వస్తుంది. మేము పేర్లు, ఊర్లు, అంకెలు సరిచూస్తాం, అవతలి పక్షం వివరణ ఉందా అని అడుగుతాం, శీర్షిక పెడతాం. శీర్షిక విలేకరిది కాదని, డెస్కుదని చదువరులలో చాలామందికి తెలియదు. వార్తలో ‘ఆరోపించారు’ అని ఉన్నది శీర్షికలో ఆరోపణ పోయి నిజంగా మారిపోయే చోటు అదే. ఆ ఒక్క మార్పును పట్టుకోవడం తొమ్మిదో తరగతి పిల్లలు చేయదగిన పని. శీర్షికలోని క్రియాపదం, మొదటి పేరాలోని క్రియాపదం పక్కపక్కన రాయించండి.

ఎన్నికల పాఠం చెప్పేటప్పుడు మరొకటి చేర్చవచ్చు. ప్రతి జిల్లాలోనూ ఎన్నికల సమయంలో కలెక్టరు ఆధ్వర్యంలో మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీ పనిచేస్తుంది. టీవీలో వచ్చే రాజకీయ ప్రకటనలకు ముందస్తు అనుమతి ఇవ్వడం, వార్త వేషంలో వచ్చిన ప్రకటనలను గుర్తించి ఖర్చును అభ్యర్థి లెక్కలో చేర్చమనడం దాని పని. డబ్బిచ్చి వేయించుకున్న వార్తను గుర్తించడానికి ఎన్నికల సంఘమే ఒక కమిటీ పెట్టవలసి వచ్చిందంటే, ఆ జబ్బు ఉందని ఒప్పుకున్నట్టే కదా. ఒకే అభ్యర్థిని పొగిడే ఒకే వాక్యాలు రెండు పత్రికలలో అక్షరం మారకుండా వస్తే ఏమనుకోవాలి అన్నది మంచి పరీక్ష ప్రశ్న.

అమ్మగారికి ఒక మాట. రెండు పత్రికలు పక్కపక్కన పెట్టేటప్పుడు రాజకీయ వార్తతో మొదలుపెట్టనక్కరలేదు. వర్షానికి కూలిన గోడ, మార్కెట్ యార్డులో ఉల్లి ధర, బస్సు ప్రమాదం తీసుకోండి. మృతుల సంఖ్య, సమయం, కారణం ఒక్కో పత్రికలో ఒక్కోలా ఉంటాయి. ఎందుకు ఉంటాయో వివరించడానికి నేను వస్తాను.

సున్నపురాయి (కడప)

అందరూ ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి చన్నీళ్లు చల్లే పని నాకు మిగిలింది. మీరు నేర్పదలచుకున్నది విచక్షణ, పిల్లలు నేర్చుకునేది అపనమ్మకం. ‘పేపర్లన్నీ అబద్ధాలే సార్, అందరూ డబ్బులకు రాసేవాళ్లే’ అని పద్నాలుగేళ్ల పిల్లవాడు ఇప్పటికే అంటున్నాడు. పైన ఉపసంపాదకుల వారు చెప్పిన సంగతులు వింటే ఆ మాట ఇంకా గట్టిగా అంటాడు. అన్నిటినీ సమానంగా నమ్మనివాడికి, మామయ్య పంపిన సందేశం, హైకోర్టు తీర్పు ఒకే స్థాయిలో కనిపిస్తాయి. అబద్ధం చెప్పేవాడికి కావలసింది కూడా అదే: తనను నమ్మకపోయినా ఫరవాలేదు, ఎవరినీ నమ్మకుండా ఉంటే చాలు. తొమ్మిదో తరగతి పుస్తకంలో హిట్లరు పాఠం బోధిస్తారు కదా. అక్కడ ప్రచారం గురించి చెప్పి ఊరుకుంటారా, లేక నమ్మదగినదేదో కూడా చెబుతారా?

పరిశోధకురాలు (అనంతపురం)

సున్నపురాయి గారి అభ్యంతరం చాలా విలువైనది. ఈ రంగంలో పనిచేసినవారు దాన్ని పట్టించుకున్నారు కూడా.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధన మీద పనిచేసే బృందం 2016లో ఒక నివేదిక ఇచ్చింది. అందులో ఉన్నత పాఠశాల విద్యార్థులకు వంకరలు తిరిగిన డైసీ పూల ఫొటో చూపించి, జపాన్‌లో ప్రమాదానికి గురైన ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దగ్గర పరిస్థితికి ఇది గట్టి ఆధారమా అని అడిగారు. ఫొటో ఎవరు తీశారో, ఎక్కడ తీశారో అందులో లేదు. అయినా దాదాపు 40 శాతం మంది అది గట్టి ఆధారమే అన్నారు, ఫొటో ఉంది కాబట్టి. తర్వాత అదే బృందంలోని శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ మరో పరిశీలన చేశారు. పది మంది చరిత్రకారులు, పది మంది నిజనిర్ధారణ ఉద్యోగులు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు అంతర్జాలంలో ఒకే పేజీలను ఎలా చదువుతారో గమనించారు. విద్యార్థులు, చరిత్రకారులలో కూడా చాలామంది, ఆ పేజీలోనే పైకీ కిందికీ తిరుగుతూ, దాని అందాన్ని, చిహ్నాన్ని, భాషను చూసి మోసపోయారు. నిజనిర్ధారణ చేసేవారు పేజీ చదవకముందే దాన్ని వదిలి, ఈ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చినవారు వాళ్లే.

దీని అర్థం, మన చరిత్ర పద్ధతి ఒక్కటే సరిపోదని. పెన్నాతీరం గారి నాలుగు ప్రశ్నలు శాసనానికి బాగా పనిచేస్తాయి, ఎందుకంటే శాసనం మన ముందుకు వచ్చేసరికి ఎవరో పండితుడు దాన్ని సరిచూసి ఉంటాడు. సందేశానికి ఆ వడపోత లేదు. దాన్ని ఎంత లోతుగా చదివినా దానిలో దొరికేది అది చెప్పదలచుకున్నదే. బయటికి వెళ్లి అడగాలి. ఫోను లేని తరగతిలో ఇది ఎలా అంటే, ఒక సందేశంతో పాటు మరో మూడు కాగితాలు ఇవ్వండి: పాఠ్యపుస్తకంలో ఒక పుట, పాత పత్రికలో ఒక కత్తిరింపు, ప్రభుత్వ పట్టిక ఒకటి. ఏది ముందు చదవాలో పిల్లలే నిర్ణయించుకోవాలి. అలా చేస్తే ఏదీ నమ్మకూడదన్న భావన కాక, ఏది ఎక్కువ నమ్మదగినదో తూచడం అలవాటవుతుంది.

ఒకరోజు సదస్సుల మీద పెన్నాతీరం గారి అయిష్టానికి మన దేశంలోనే ఆధారాలున్నాయి. 2019 ఎన్నికల ముందు బీహార్‌లో పెద్దవారికి ఇంటివద్ద గంటసేపు చెప్పిన పాఠం వల్ల మొత్తం మీద చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పైగా కేంద్రంలోని అధికార పార్టీ అభిమానులు తమ పార్టీకి అనుకూలమైన అబద్ధాలను గుర్తించడంలో మరింత వెనుకబడ్డారు. తర్వాత అదే రాష్ట్రంలో 13,500 మందికి పైగా విద్యార్థులకు కొన్ని వారాల పాటు తరగతుల రూపంలో, ప్రధానంగా ఆరోగ్యం గురించిన తప్పుడు ప్రచారం ఆధారంగా నేర్పారు. నెలల తర్వాత పరీక్షించినా ఆ ప్రభావం నిలిచింది, రాజకీయ వార్తలను తూచడంలో కూడా కనిపించింది, ఇంట్లో తల్లిదండ్రుల దాకా కొంత చేరింది. అమ్మగారి భయానికి ఇందులో సమాధానం ఉందనుకుంటాను. రాజకీయాలు కాని ఉదాహరణతో నేర్చుకున్నది రాజకీయాలకు కూడా పనికివస్తుంది.

దేవుని కడప (ఉపాధ్యాయుడు, కడప)

సున్నపురాయి గారు అడిగిన నమ్మదగినదేదో అన్న ప్రశ్నకు నేను కైఫీయతులతో జవాబు చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో కల్నల్ మెకంజీ తన సహాయకులను ఊరూరా పంపి గ్రామ చరిత్రలను రాయించాడు. కడప జిల్లా కైఫీయతులు మా ఊళ్లోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ద్వారా అచ్చయి ఉన్నాయి. సొంత ఊరి కైఫీయతు దొరికిన పిల్లవాడు దాన్ని వదలడు.

ఒక కైఫీయతులో దేవుడు కలలో కనిపించి గుడి కట్టమనడం, రాజు ఫలానా పొలాన్ని మాన్యంగా ఇవ్వడం, ఆ పొలం హద్దులు, చెరువు కింద సాగు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. చెప్పినవారు చాలాచోట్ల గ్రామ కరణాలు, రాసుకున్నవారు కంపెనీ మనుషులు. మాన్యాల మీద హక్కు నిలబడాలంటే ఏం చెప్పడం మంచిదో కరణానికి తెలియదా? అలాగని కైఫీయతును పారేయలేం. కల సంగతికి అది సాక్ష్యం కాకపోవచ్చు గానీ, ఆ ఊరివాళ్లు ఆనాడు ఏ కథను నమ్మేవారో, ఏ కులం చేతిలో ఏ భూమి ఉందని చెప్పుకున్నారో తెలియడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఒకే పత్రం ఒక ప్రశ్నకు నమ్మదగినది, మరో ప్రశ్నకు కాదు. పిల్లలకు ఇది పట్టుబడితే అన్నీ అబద్ధాలే అన్న మాట దానంతటదే తగ్గుతుంది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయంలో కూడా ఇదే చేయిస్తాను. కంపెనీ కాగితాల్లో ఆయన తిరుగుబాటుదారు, జానపదుల పాటల్లో వీరుడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారన్న దగ్గర ఇద్దరూ కలుస్తారు. శత్రువులిద్దరూ ఒప్పుకున్న సంగతికి ఎంత బరువుందో చెప్పనక్కరలేదు. ఇక 2019లో వచ్చిన సినిమాను చూసి పరీక్షలో జవాబు రాసిన పిల్లల సంగతి మీకందరికీ అనుభవమే.

పెన్నాతీరం

పరిశోధకురాలి సవరణను స్వాగతిస్తున్నాను. బయటికి వెళ్లి అడగడం అన్న ఐదో ప్రశ్నను చేర్చుకుంటాను. ఆ ప్రశ్నకు మా జిల్లాలో సిద్ధంగా ఉన్న ఉదాహరణ ఒకటుంది. చాలామందికి నచ్చదని తెలిసే రాస్తున్నాను.

‘దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వర్షపాతం అనంతపురం జిల్లాదే.’ ఈ వాక్యం పత్రికల్లో, ఉపన్యాసాల్లో, ప్రభుత్వ నివేదికల్లో, పిల్లల ప్రాజెక్టు పనుల్లో అన్నిచోట్లా ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోని బికనేర్, బార్మేర్ జిల్లాలలో 300 లోపే. లద్దాఖ్‌లోని లేహ్‌లో 100 అటూ ఇటూ. అట్లాసు తెరిచి వర్షపాత పటం చూస్తే ఏడో తరగతి పిల్లవాడు కూడా పది నిమిషాలలో తేల్చగలడు. అయినా ఇన్నేళ్లుగా ఎవరూ అట్లాసు ఎందుకు తెరవలేదు? నా తరగతిలో అసలు పాఠం ఆ ప్రశ్నే.

కరవునేల (రైతు, ధర్మవరం ప్రాంతం)

అయ్యా, మీరు చెప్పేది లెక్కల ప్రకారం నిజమే కావచ్చు. కానీ ఆ ఒక్క వాక్యం పట్టుకునే మేము ఢిల్లీ దాకా వెళ్లి నీళ్లు అడిగాము. వేరుశనగ ఎండిపోయి, బోర్లు వేసి అప్పులపాలైన వాళ్ల పిల్లలు మీ తరగతిలో ఉంటారు. వాళ్ల దగ్గర మీ కరవు అంత పెద్దదేమీ కాదన్నట్టు మాట్లాడితే, రేపు నీళ్లు ఇవ్వకూడదనుకునేవాడు ఆ మాటనే పట్టుకుంటాడు. నిజం చెప్పడానికి కూడా ఒక సమయం ఉండాలి.

పెన్నాతీరం

మీ ఆవేదనను తేలికగా తీసుకోవడం లేదు. కానీ నీళ్లు ఇవ్వకూడదనుకునేవాడికి ఆయుధం ఇస్తున్నది నేను కాదు, ఆ తప్పు వాక్యమే. అవతలివాడు వర్షపాత పట్టిక తెచ్చి బల్ల మీద పెట్టిన క్షణాన మన విజ్ఞప్తి మొత్తం అనుమానాస్పదమవుతుంది. మన కష్టానికి నిజమైన కారణాలు చాలు. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాన్ని అడ్డుకుంటాయి, తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనం కూడా పూర్తిగా అందదు. పడే 550 మిల్లీమీటర్లు కూడా ఎప్పుడు పడతాయో తెలియదు. విత్తిన తర్వాత నెలన్నర చుక్క లేకుండా పోయి, కోతకు ముందు కుండపోత కురిసిన ఏడాదిలో సగటు మామూలుగానే కనిపిస్తుంది. ఎడారిలో ఎవరూ వానను నమ్ముకుని వేరుశనగ వేయరు, మనవాళ్లు వేస్తారు. ఏడాది సగటు ఏమి దాస్తుందో మీ పొలం లెక్కతో మీరే వచ్చి పిల్లలకు చెప్పగలిగితే, అది నా పాఠం కన్నా బలంగా ఉంటుంది.

కరవునేల

విత్తిన తేదీలు, వాన పడిన తేదీలు పాత డైరీలలో ఉన్నాయి. చూసి చెబుతాను.

తుంగభద్ర ఒడ్డు

సొంత నమ్మకాలతో మొదలుపెట్టాలన్న సూత్రం ఎంతవరకు పోవాలో పెద్దలు చెప్పాలి. మా పాఠశాల మంత్రాలయానికి దూరం కాదు. సర్ థామస్ మన్రోకు రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర దర్శనమిచ్చి మాట్లాడారని, అది మద్రాసు గెజిట్‌లో నమోదయిందని పుట సంఖ్యతో సహా సందేశాలు వస్తుంటాయి. పిల్లలు అడుగుతున్నారు. దాటవేయడం నాకు ఇష్టం లేదు, ఎవరి భక్తినీ నొప్పించడం అంతకన్నా ఇష్టం లేదు.

కొండారెడ్డి బురుజు

అమ్మా, దర్శనం జరిగిందా లేదా అన్నది మన పీరియడ్‌లో తేలే విషయం కాదు, తేల్చవలసిన విషయమూ కాదు. కానీ ఆ సందేశం చరిత్ర ఆధారాన్ని చూపిస్తున్నది కాబట్టి, ఆ ఆధారం వరకు మాట్లాడే హక్కు మనకుంది. మన్రో 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల (సీమ, బళ్ళారి ప్రాంతాల) ప్రధాన కలెక్టరు. 1807లో ఇంగ్లండు వెళ్లి 1814లో తిరిగి వచ్చాడు. కొన్ని సందేశాలు ఈ సంఘటనకు 1800 అని, కొన్ని 1812 అని తేదీ వేస్తాయి. రెండోది కుదరదని పిల్లలే తేల్చగలరు, అందులో భక్తికి భంగమేమీ లేదు. మరొకటి, గెజిట్ అంటే ప్రభుత్వ ఉత్తర్వులు, నియామకాలు అచ్చువేసే పత్రం. జిల్లా గెజిటీర్ అంటే భూగోళం, పంటలు, చరిత్ర, స్థానికంగా చెప్పుకునే కథలు అన్నీ ఒక అధికారి కూర్చిన గ్రంథం. మంత్రాలయం ఉన్న ఆదోని తాలూకా అప్పట్లో బళ్ళారి జిల్లాలోనిది. ఆ జిల్లా గెజిటీర్ 1904 నాటిది, అంటే మన్రో కలెక్టరు పని వదిలిన దాదాపు వందేళ్ల తర్వాతది. సందేశాలలో ఈ రెండు పత్రాల పేర్లు కలిసిపోతుంటాయి. సంఘటనకు, రాతకు మధ్య ఎంత కాలం గడిచిందో లెక్కవేయమనండి. అక్కడ ఆపండి. ఆపడం తెలియడం కూడా ఉపాధ్యాయుని పనే.

సున్నపురాయి

ఆపే చోటు గురించి చెప్పినది నాకు నచ్చింది. దానితో పాటు ఆపకూడని చోటు కూడా ఒకటుంది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల వదంతులతో దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. ఆ ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదుగురికి మించి పంపకుండా పరిమితి పెట్టింది. కర్నూలుకు ఆనుకునే ఉన్న గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ పోలీసులను గ్రామాలకు పంపి, జానపద కళాకారుల చేత పాటలు కట్టించి ప్రచారం చేయించారు. అదే ఏడాది కేరళలోని కన్నూరు జిల్లా దాదాపు 150 ప్రభుత్వ పాఠశాలల్లో తప్పుడు వార్తలను గుర్తించడం నేర్పింది. మన జిల్లాల్లో ఇది పాఠంగా రావాలంటే, ప్రాణాలు పోయిన ఆ వదంతులను తప్పకుండా చేర్చండి. చన్నీళ్లు చల్లడం ఇక్కడితో మానుకుంటున్నాను.

పదోతరగతి అమ్మ

మార్కుల సంగతి ఎవరూ చెప్పలేదు.

దేవుని కడప

చెప్పవలసిందే. పదో తరగతిలో అంతర్గత మార్కులు లేవు కాబట్టి పబ్లిక్ పరీక్షలో నేరుగా ఏమీ రాదు. అందుకే అసలు పని ఎనిమిది, తొమ్మిది తరగతులలో, ఎఫ్.ఏ. (ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మదింపు) ప్రాజెక్టు పనులలో జరగాలి. ఇప్పుడు ప్రాజెక్టు అంటే అంతర్జాలం నుంచి దించి అట్టమీద అతికించడమే. దాని బదులు ఒక సందేశం, దానిపై మూడు కాగితాల పరిశీలన, ఒక పుట తీర్పు అడిగితే మార్కులూ వస్తాయి, అదనపు భారమూ ఉండదు. పదికి వచ్చాక పాఠంలో ఇచ్చిన పేరాను చదివి వ్యాఖ్యానించమనే ప్రశ్నకు ఈ అలవాటు నేరుగా పనికివస్తుంది. మీ అమ్మాయికి ఇప్పుడు ఆలస్యమయిందేమో గానీ, ఆ ప్రశ్న వరకు సాయపడగలను.

పెన్నాతీరం

అయితే చుట్టుపక్కల పాఠశాలల ఉపాధ్యాయులు కలిసే వచ్చే కాంప్లెక్స్ సమావేశానికి మూడు నమూనా పాఠాలు సిద్ధం చేద్దాం: నవంబరు 1 చిత్రం, కరవు ఫొటో, వర్షపాత వాక్యం. మొదటిది నేను, రెండోది తుంగభద్ర ఒడ్డు మేడం రాస్తాం. మూడో దానికి కరవునేల గారి డైరీ తేదీలు అందాక పట్టిక వేస్తాను. శీర్షికల అభ్యాసం కోసం ఉపసంపాదకుల వారు రాగలరా?

డెస్కులో ఒకడు

ఉదయం పూట అయితే వస్తాను, సాయంత్రం నుంచి పేజీలు వదిలేదాకా కదలలేను. రాజకీయం లేని వార్తలు కొన్ని, ఒక్కోటి మూడు పత్రికల్లో ఎలా వచ్చిందో కత్తిరించి తెస్తాను. పత్రికల పేర్లు తీసేసి ఇస్తాను. పేరు కనిపిస్తే పిల్లలు వార్త చదవకముందే తీర్పు చెప్పేస్తారు, ఉపాధ్యాయులు కూడా.